పలుకు కొత్త వెర్షన్

జూన్ 3

నా పేరు తీసేశాడు.

కింద గదిలో ప్రింటర్ రోలర్ తుడుస్తున్నదాన్ని, ఏదో అనుమానం వచ్చి, పక్క సిస్టమ్‌లో నల్ల తెర తెరిచి స్వరమాల అనే ప్రోగ్రామ్ ప్యాకేజీ వివరాలు చూపించమని కమాండ్ కొట్టాను. వెర్షన్, సైజు, ఏ ప్యాకేజీ మీద ఆధారపడి ఉందో, అన్నీ వరసగా వచ్చాయి. నిర్వహించేవారు అన్న చోట, పైన నా కుర్చీలో కూర్చున్నవాడి పేరు, నేను వెన్నముద్ద అని పిలుచుకునేవాడిది. రాసినవారు అన్న చోటా వెన్నముద్ద పేరే. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ కొట్టాను. మళ్లీ వాడి పేరే వచ్చింది.

ఆ నల్ల తెర మీద అక్షరం కొట్టడం వాడికి నేర్పిందే నేను. చేరిన కొత్తలో ఫైళ్లు తీసేసే రిమూవ్ కమాండ్ చూపిస్తే, "మేడమ్, ఇది చెత్తబుట్టలోకి వెళ్తుందా, మళ్లీ తీసుకోవచ్చా?" అని అడిగిన ఘనుడు. గొంతు ఆపరేషన్ అయి మాట పోయినవాళ్లు ఎంతమంది మా సెంటర్ ఇచ్చిన మాటపెట్టె ఒళ్లో పెట్టుకుని, బొమ్మ నొక్కి మంచినీళ్లు అడుగుతున్నారో, వాళ్ల ప్రతి మాట వెనకా నడిచేది నేను రాసిన ప్రోగ్రామే. పేరు మార్చాడు, రంగులు మార్చాడు, స్వరమాల అన్నాడు, వాడిదైపోయింది. నన్నేమో కింది గదికి పంపి ప్రింటర్లు అప్పజెప్పాడు.

వాడి మొహం పచ్చడైపోను.

జూన్ 4

నాకు పగ ఏమీ లేదు. బాధ, అంతే.

జూన్ 6

మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. వాడి నవ్వు చూస్తే ఎవరైనా మంచివాడనే అనుకుంటారు. ఆ పేరు ఊరికే పెట్టలేదు నేను, ఎక్కడా గరుకుండదు, పట్టుకుంటే జారిపోతాడు.

"మేడమ్, ఇరవై నాలుగున పెద్ద సభ. పైవాళ్లంతా వస్తున్నారు. స్వరమాల ప్రదర్శన మనదే."

"మనదా?"

"అంటే, సెంటర్‌ది. మీరూ రావాలి మేడమ్. మీరు లేకపోతే ఎలా?"

నా పేరు ఎందుకు తీశావు అని అక్కడే అడగాల్సింది. నోరు తెరిచాను కూడా. "మూడో అంతస్తు ప్రింటర్ రేపటికి బాగవుతుంది" అని వచ్చింది నోట్లోంచి. ఛీ.

జూన్ 8

ఆదివారం. కూర్చుని నిదానంగా చూశాను. వాడు అంతా కాజేశాడు గానీ అడుగున ఉన్నది ఒకటి మర్చిపోయాడు.

స్వరమాల కింద ఇంకో చిన్న ప్యాకేజీ ఉంది. పలుకు. బొమ్మ నొక్కితే ధ్వని బయటకు పంపే పని దానిది. పలుకు లేకపోతే స్వరమాల ఇన్‌స్టాలే కాదు. ఆ పలుకు ఇంకా నా పేరు మీదే ఉంది, దానికి కొత్త వెర్షన్ పెట్టే తాళం నా లాప్‌టాప్‌లోనే ఉంది. పొద్దున్నే ప్రతి పెట్టె లేచి తనంతట తాను అప్‌డేట్ చేసుకునే స్క్రిప్టు కూడా పలుకులోదే. అక్కడ కూర్చుని అవును అని నొక్కేవాళ్లు ఉండరని, ప్రతి ప్రశ్నకీ అదే అవును చెప్పుకునేలా నేనే రాశాను. వాడు పైపై మెరుగులు చూసుకున్నాడు, పునాది ఎవరి చేతిలో ఉందో చూడలేదు.

మేనత్త బట్టలు కుట్టుకుంటూ నా మొహం చూసి మిషన్ ఆపింది.

"ఏమే, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు?"

చెప్పాను. అత్తయ్యకి ప్యాకేజీ అంటే ఏంటో, వెర్షన్ అంటే ఏంటో తెలియదు. తెలుసుకునే ఓపికా లేదు.

"అదంతా నాకెందుకు? వాడి జుట్టు నీ చేతికి చిక్కిందా లేదా, అది చెప్పు."

"చిక్కింది."

"మరి ఇంకా కూర్చున్నావేం?" అని మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

జూన్ 11

మా మాటపెట్టె వాడే వడ్రంగి బాబాయ్, పిన్ని సెంటర్‌కి వచ్చారు. పై అంతస్తుకి పోకుండా ముందు కింద నా గదికే వచ్చారు, ఎప్పుడూ అంతే. ప్రింటర్ల మధ్య నన్ను చూసి పిన్ని ముక్కున వేలేసుకుంది.

"ఇదేం ఖర్మ తల్లీ, నిన్నిక్కడ పడేశారేంటి?"

మా దగ్గరకు వచ్చేవాళ్లంతా ఆపరేషన్ అయ్యాక వచ్చేవాళ్లే. ముందే వచ్చి సొంత గొంతు దాచుకున్నది బాబాయ్ ఒక్కడే. ఆపరేషన్‌కి ముందు వారంపాటు పొద్దున్నే వచ్చి మైకు ముందు కూర్చునేవాడు, నేను ఒక్కో వాక్యం రికార్డు చేసేదాన్ని. కాగితం మీద రాసిచ్చినవి, తలనొప్పిగా ఉంది, డాక్టర్ని పిలవండి లాంటివి, గబగబా చదివేసి పక్కన పెట్టేవాడు. తర్వాత తనవి మొదలుపెట్టేవాడు. ఉలి ఎవడు తీశాడ్రా అని ఒకటి. కాఫీ ఇస్తావా, మాటలతోనే కడుపు నింపుతావా అని ఒకటి. నాకు నవ్వాగక సగం రికార్డులు పాడయ్యేవి.

ఇవాళ పిన్ని ముచ్చటగా పెట్టె ఒళ్లో పెట్టుకుని తనే నొక్కింది. బాబాయ్ గొంతు, ఆ జీరతో సహా వచ్చింది. "రాణీగారూ, తలుపు తియ్యండి. దొంగోడు కాదు, మీ వడ్రంగే."

"ఈయన షెడ్డులో ఉంటాడా, నేను వంటింట్లో ఇది నొక్కుకుంటా" అంది పిన్ని సిగ్గుపడుతూ. బాబాయ్ నుదురు కొట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా రాణీగారనే పిలిచాడట, అసలు పేరు పెళ్లినాడే మర్చిపోయాడట.

పోతూ పోతూ పిన్ని నా బుగ్గలు పుణికి, "ఆయన గొంతు నీ చేతుల్లోనే ఉంది తల్లీ" అంది. పైనున్న వాడికి వినపడేలా అని ఉంటే ఎంత బాగుండేది!

జూన్ 12

సెలవు పెట్టి ఇంట్లో పాత లాప్‌టాప్ మీద ప్రయత్నించాను. స్వరమాల ఇన్‌స్టాల్ చేశాను. పలుకు కొత్త వెర్షన్‌లో ఒక్క వరస చేర్చాను. స్వరమాలతో నాకు పొత్తు కుదరదు, నేనున్నచోట అది ఉండకూడదు, అని దాని అర్థం. అప్‌డేట్ కొట్టాను.

స్వరమాల తీసివేయబడుతోంది, అని వచ్చింది.

అబ్బ! మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మళ్లీ తీయించాను. మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, ఆ ఒక్క వరస ఇంకోసారి చూడ్డానికే. అత్తయ్యని పిలిచి చూపించాను. తెర వైపు కళ్లు చిట్లించి, "వాడు పోయాడా?" అంది. పోయాడన్నాను.

జూన్ 15

ఒక చిక్కుంది. వట్టి రిమూవ్ అయితే ప్రోగ్రామ్ పోతుంది గానీ దాని అమరికలన్నీ మిగులుతాయి, ఇల్లు ఖాళీ చేసినవాడు సామాను వదిలి వెళ్లినట్టు. వాడు మళ్లీ ఇన్‌స్టాల్ కొడితే క్షణంలో ఎక్కడిదక్కడ సర్దుకుంటుంది. సభలో చిన్న తడబాటు అంటాడు, అందరూ నవ్వేస్తారు, వాడూ నవ్వేస్తాడు. వాడి నవ్వు నాకు తెలుసు.

పర్జ్ అయితే సామానుతో సహా ఊడ్చేస్తుంది.

పొద్దుటి స్క్రిప్టులో తీసేసేదేదైనా పర్జ్ చెయ్యమని ఒక్క మాట చేరిస్తే చాలు. ఆలోచించాను. ఎవరికీ నష్టం లేదు. జనం వాక్యాలు వాళ్లవాళ్ల సొంత ఫోల్డర్లలో ఉంటాయి, ప్యాకేజీకి వాటితో సంబంధం ఉండకూడదని మొదట్నుంచీ పట్టుబట్టింది నేను. సభ అయిన మర్నాడు ఆ వరస తీసేసి అందరికీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాను. ఒక్క రోజు. ఒక్క రోజు మాట్లాడకపోతే ఎవరికేం కొంప మునిగిపోదు. నేను ఎన్నాళ్లుగా మాట్లాడట్లేదు?

పర్జే.

జూన్ 17

స్వరమాల లోపల వాడు ఏం మార్చాడో ఒకసారి తెరిచి చూద్దామనుకున్నాను. వాడి రాత చదవాలంటేనే కంపరం. వదిలేశాను.

జూన్ 20

"మేడమ్, సభలో మీకో ముఖ్యమైన బాధ్యత" అన్నాడు.

నిజం చెప్పాలంటే, వేదిక మీదకి పిలుస్తాడేమో అనుకున్నాను. పిలిస్తే అంతా ఆపేద్దామని కూడా అనుకున్నాను, ఆ ఒక్క క్షణంలో.

"వైర్లు చూసుకోవాలి మేడమ్. పోయినసారి ఎవరో తన్నుకుని పడ్డారు."

సరేనన్నాను. ఇంటికొచ్చి అత్తయ్యకి చెబితే నోట్లో ఉన్న గుండుసూదులు తీసి మరీ తిట్టింది. నేను ఇక్కడ రాయలేని తిట్లు. కడుపు నిండింది.

జూన్ 23

పెట్టేశాను. స్క్రిప్టు మార్పు నిన్ననే వెళ్లింది, అన్ని పెట్టెలూ బుద్ధిగా తీసుకున్నాయి. పొత్తు కుదరదనే వరస ఉన్న రెండో వెర్షన్ ఇవాళ. రేపు పొద్దున్న లేస్తాయి, చూస్తాయి, అవును అంటాయి.

నాకు పగ లేదని ముందు రాశాను. ఉంది. ఉంటే ఏం?

జూన్ 24

ఎక్కడ మొదలుపెట్టను!

హాలు నిండిపోయింది. వాడు కొత్త కోటు వేసుకున్నాడు. నేను వేదిక పక్కన తెర చాటున వైర్ల దగ్గర ఉన్నాను. వాడు తన సొంత లాప్‌టాప్‌లో చూపిస్తాడనుకున్నాను. అలా కాకుండా, "ఇప్పుడు ఒక భర్త తన భార్యను తన గొంతుతోనే పిలుస్తాడు" అని వడ్రంగి బాబాయ్‌ని, పిన్నిని పైకి తీసుకొచ్చాడు. నేను వాళ్లని పిలవమన్నానా? నా తప్పు కాదది. వాడు తెచ్చాడు.

బాబాయ్ నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. పిన్ని వంగి పెట్టెకి చెవి ఆనించింది. హాల్లో ఎవరో దగ్గారు.

వెన్నముద్ద, "చిన్న సాంకేతిక..." అంటూ పెట్టెని పెద్ద తెరకి తగిలించి నల్ల తెర తెరిచాడు. అంతమంది ముందు! స్వరమాల అని కొట్టాడు. అలాంటిదేదీ లేదంది. ఇన్‌స్టాల్ అని కొట్టాడు, అక్షరం తప్పు. మళ్లీ కొట్టాడు. స్వరమాలకి పలుకుతో పొత్తు కుదరదు అని, ఇంతింత అక్షరాలతో, గోడంత తెర మీద. వాడు ఆ వరస చదివి చదివి, అర్థంకాక, మెడ చుట్టూ వేలు తిప్పుకున్నాడు. డైరెక్టరమ్మ ముందు వరసలోంచే అడిగింది, "ఇది రాసింది మీరేగా?"

వాడు మళ్లీ అదే కమాండ్ కొట్టాడు.

నాకు నవ్వాగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా భుజాలు కదిలిపోయాయి. ఎవరూ చూడలేదు, హాలంతా వాడినే చూస్తోంది. ఇన్నేళ్లలో ఇంత హాయిగా ఎప్పుడూ నవ్వలేదు.

ఇంటికొచ్చి అత్తయ్యకి మొత్తం నటించి చూపించాను, వేలు తిప్పుకోవడంతో సహా. ఇంకోసారి చెయ్యమంది. చేశాను.

జూన్ 25

పైకి పిలిచారు. డైరెక్టరమ్మే స్వయంగా, "మీరొక్కసారి చూడండమ్మా" అంది. కూర్చున్నాను. ఆ వరస తీసేశాను, అందరికీ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. పదిమంది వెనక నిలబడి చూస్తుండగా బల్ల మీది ఒక్కో పెట్టె పలకడం మొదలుపెట్టింది. చప్పట్లు కొట్టారు.

సభ తర్వాత సెంటర్లోనే ఉండిపోయిన బాబాయ్ పెట్టె కూడా పలికింది. బొమ్మల కింది రాత చదువుతూ, మిషను గొంతుతో పలికింది.

వాక్యాల ఫోల్డర్ చూశాను. బాబాయ్ సొంత ఫోల్డర్‌లో ఏమీ లేదు. సర్వర్‌లో చూశాను. అక్కడా లేదు. వెన్నముద్ద వెనకే నిలబడి ఉన్నాడు.

"రికార్డింగులు ఎక్కడ పెట్టారు?"

"అన్నీ ఒకేచోట ఉంటే బాగుంటుందని, కొత్త వెర్షన్‌లో స్వరమాల ఫోల్డర్లోకే మార్చాను మేడమ్."

"ప్యాకేజీ ఫోల్డర్లోకా?"

"ఏం, తప్పా?"

పర్జ్ చేస్తే ఆ ఫోల్డర్ మొత్తం తుడిచెయ్యమని ఒక వరస ఉంటుంది. అది నేను రాసిందే, నా ప్రోగ్రామ్‌లో ఆ ఫోల్డర్లో ఉండేవి చెత్త ఫైళ్లు. వాడు మిగతావాటితో పాటు ఆ వరసనీ కాపీ కొట్టాడు.

"బ్యాకప్?" అన్నాను.

"అది మీరు చూసుకునేవారు కదా మేడమ్. మీరు కిందకి వెళ్లాక ఎవరూ చూడలేదు."

జూన్ 26

వెతికాను. లేదు.

జూన్ 26, సాయంత్రం

పాత లాప్‌టాప్ వెతికాను. మైకుతో వచ్చిన మెమరీ చిప్పు వెతికాను. పోగొట్టుకున్న ఫైళ్లు తెచ్చే ప్రోగ్రాములు మూడు ఇన్‌స్టాల్ చేశాను, మూడూ తీసేశాను. పెట్టెల మీద నిన్న నేను ఇన్‌స్టాల్ చేసినవే పాత ఫైళ్లపైన రాసేశాయంటున్నాయి. నేనే. చప్పట్లు కొడుతుంటే.

జూన్ 27

వాడి తప్పే. బుద్ధున్నవాడెవడైనా మనుషుల మాటలు ప్యాకేజీ ఫోల్డర్లో పెడతాడా?

జూన్ 28

నా కుర్చీ నాకిచ్చారు. వెన్నముద్దని వివరణ అడిగారు. స్వరమాల నా పేరు మీదికి మార్చారు, కమాండ్ కొట్టి చూడమన్నారు. కొట్టాను. నా పేరే ఉంది.

మధ్యాహ్నం గదిలోకి వచ్చి తలుపు వేశాడు. నవ్వు లేదు. నవ్వు లేకపోతే వాడి మొహం ఎంత చిన్నదో!

"ఆ పలుకు వెర్షన్ పెట్టిందెవరో నాకు తెలుసు మేడమ్."

"తెలిస్తే చెప్పండి మరి."

"చెబితే ఫోల్డర్ ఎవరు మార్చారంటారు, బ్యాకప్ ఎందుకు లేదంటారు. మీరూ చెప్పరు, నేనూ చెప్పను. ఆ వడ్రంగికి పెట్టె పాడైందని చెబుదాం."

"మన ఇద్దర్నీ ఒక గాటన కట్టకండి" అన్నాను. తలుపు తీసి పట్టుకున్నాడు నాకు, మర్యాదగా. అది నా గదని మర్చిపోయి నేనే బయటకి నడిచాను.

జూన్ 30

అత్తయ్య మళ్లీ నటించి చూపించమంది. తలనొప్పన్నాను.

వాడి తప్పే.

జులై 2

ఇవాళ బాబాయ్ వాళ్లింటికి వెళ్లాను. పెట్టె బాగు చేసి తెచ్చాననే నెపం ఉందిగా.

బాబాయ్ షెడ్డులో తలుపు చెక్క చిత్రిక పడుతున్నాడు. పిన్ని పరుగున వచ్చి పెట్టె లాక్కుంది. ఎక్కడ నొక్కాలో చూసుకోకుండానే నొక్కింది, వేలికే అలవాటు. "రాణీగారూ, తలుపు తియ్యండి" అని మిషను అంది, బస్సు స్టాపుల పేర్లు చదివినట్టు.

"ఇదెవరమ్మా?" అంది పిన్ని.

ఆ రికార్డింగులన్నీ పోయాయి పిన్నీ అన్నాను. మళ్లీ రావా అంది. రావన్నాను. ఆపరేషన్ అయిపోయింది కదా, మళ్లీ రికార్డు చెయ్యడానికి లేదని ఆవిడకి నేను చెప్పక్కర్లేదు. పెట్టె అరుగు మీద పెట్టింది. తిట్లు మొదలుపెట్టింది.

"ఆ కోటువాడే కదూ? వాడి చెయ్యి పడిపోను! వాడి నోరు పడిపోను! నా మొగుణ్ని వేదికెక్కించి మరీ నోరు కొట్టాడు. నేనూరుకోను తల్లీ. అధికారుల దగ్గరకి వెళ్తా, మా తమ్ముడు ఉన్నాడు, కోర్టుకైనా వెళ్తా. నువ్వు చదువుకున్నదానివి, లోపలి మనిషివి. నువ్వొచ్చి సాక్ష్యం చెప్పు. వాడే చేశాడని చెప్పు. వాడికి ఎక్కడా నిలువ నీడ లేకుండా చెయ్యాలి."

నా రెండు చేతులూ పట్టుకుంది. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది మొత్తం ఆవిడ నోట వింటున్నాను. వాడి ఉద్యోగం పోతుంది, పేరు పోతుంది, ఇంకెక్కడా తలెత్తుకోలేడు. ఒక్క మాట చాలు.

"చెప్తాను పిన్నీ" అన్నాను.

చిత్రిక చప్పుడు ఆగింది. బాబాయ్ చెవి మీది పెన్సిల్ తీసి, చెక్క ముక్క ఒకటి మోకాలి మీద పెట్టుకుని రాశాడు. నింపాదిగా, కొలత గీసుకున్నట్టే. లేచి వచ్చి నా చేతికిచ్చాడు.

ఆ రోజు తెర పక్కన నువ్వు నవ్వావు. నేను చూశాను.

"ఏం రాశారు?" అంది పిన్ని. "నా కళ్లజోడు లోపలుంది. చదువు తల్లీ."

ఏదైనా చెప్పొచ్చు. సాక్ష్యం వద్దంటున్నాడని చెప్పొచ్చు, కాఫీ ఇమ్మన్నాడని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయనకి పోయింది మాటే, చెవులు బాగానే ఉన్నాయి. చేతులు కట్టుకుని నా నోటి వైపే చూస్తున్నాడు, తను అన్నది నేను అంటానా లేదా అని.

"చదవమ్మా, ఏమంటున్నారు?"

చదివాను. ఉన్నది ఉన్నట్టు, పైకి.